ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌కు క్లబ్ సీటా, మామూలు సీటా: టికెట్ కొనే ముందు ఒక్కో అడుగూ

డాలస్ చుట్టుపక్కల ఉన్న మన వాళ్లు ఆగస్టు దాటగానే అడిగే ప్రశ్న ఒకటుంది. ‘కౌబాయ్స్ మ్యాచ్ చూడాలనుకుంటున్నాం. క్లబ్ సీటుకు దాదాపు రెట్టింపు ధర చూపిస్తోంది. అంత పెట్టవచ్చా?’ బే ఏరియా, న్యూజెర్సీ, అట్లాంటా, సియాటిల్ నుంచి కూడా ఇదే ప్రశ్న వస్తోంది. ఒక్క మాటలో చెప్పలేని విషయం కాబట్టి మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాలే. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆ ఆట ప్రొఫెషనల్ లీగ్, కౌబాయ్స్ అందులో డాలస్ జట్టు.

ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. క్లబ్ సీటుకు ఇచ్చే అదనపు డబ్బులో ఎక్కువ భాగం ఆటకు కాదు, ఆట ఆగి ఉండే సమయానికి. మ్యాచ్ మూడు గంటలకు పైగా సాగుతుంది. అందులో బంతి నిజంగా కదిలే సమయం పావుగంట కూడా ఉండదు. మిగిలినదంతా ఆటగాళ్లు గుమిగూడి మాట్లాడుకోవడం, టీవీ ప్రకటనలు, రిఫరీల సమీక్షలు, హాఫ్‌టైమ్. ఆ సమయమంతా మీరు, మీ వెంట వచ్చిన వాళ్లు ఎలా గడుపుతారన్నదే అసలు ప్రశ్న.

సినిమా హాల్లో బాల్కనీ టికెట్ కొంటే తెర బాగా కనిపిస్తుంది. ఇక్కడ లెక్క అలా ఉండదు. దిక్కు, వరుస సరిగా చూసుకుంటే మామూలు టికెట్‌తోనే క్లబ్ సీటుకు దీటుగా మైదానం కనిపిస్తుంది.

1. ఏ సీటును ఏమంటారో ముందు తెలుసుకోండి

స్టేడియం మ్యాపులో రంగురంగుల పేర్లు కనిపిస్తాయి. కొనేవాడికి అవసరమైన రకాలు ఇవి.

- కింది అంతస్తు: మైదానానికి దగ్గరగా ఉండే మామూలు సీట్లు. చాలా స్టేడియాల్లో 100తో మొదలయ్యే సెక్షన్లు.
- పై అంతస్తు: 300, 400 అంకెల సెక్షన్లు. ధర తక్కువ, మెట్లు నిటారుగా ఉంటాయి.
- క్లబ్ సీటు: ఎక్కువగా రెండు అంతస్తుల మధ్య, సైడ్‌లైన్ (మైదానం పొడవు వైపు అంచు గీత) పొడవునా ఉంటుంది. వెడల్పైన మెత్తటి సీటు, వెనుకే లాంజ్, విడిగా మరుగుదొడ్లు, కొన్ని చోట్ల విడి ప్రవేశద్వారం.
- భోజనంతో కూడిన క్లబ్: పైవాటితో పాటు తిండి, కొన్ని పానీయాలు టికెట్‌లోనే కలిసి ఉంటాయి.
- సూట్: పది, ఇరవై మంది బృందానికి ఒక గది. కంపెనీలు తీసుకునేవి. ఈ వ్యాసంలో వాటి జోలికి వెళ్లడం లేదు.
- నిలబడి చూసే టికెట్: సీటు ఉండదు. ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియంలో దీన్ని పార్టీ పాస్ అంటారు. పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లే వాళ్లు దీన్ని కొనకండి.

పేరులో క్లబ్ ఉన్నంత మాత్రాన భోజనం వస్తుందనుకోకూడదు. చాలా స్టేడియాల్లో క్లబ్ టికెట్ లాంజ్‌లోకి వెళ్లే హక్కును మాత్రమే ఇస్తుంది. లోపల తిండికి మళ్లీ డబ్బు కట్టాల్సిందే, అదీ బయటి దుకాణాల కన్నా కాస్త ఎక్కువే.

2. టికెట్ల యాప్ తెరిచే ముందు నాలుగు ప్రశ్నలు

ధరలు చూశాక ఆలోచన పక్కదారి పడుతుంది. అందుకే ముందే ఒక కాగితం మీద ఈ నాలుగింటికి జవాబు రాసుకోండి.

1. ఎవరెవరు వస్తున్నారు? అమ్మానాన్నలా, చంటిపిల్లలా, స్నేహితులా, ఆఫీసు అతిథులా?
2. ఏ నెల? సెప్టెంబరు ఎండా, డిసెంబరు చలా?
3. స్టేడియానికి పైకప్పు ఉందా?
4. వచ్చేవాళ్లలో ఆట నియమాలు తెలిసినవాళ్లు ఎందరు?

నాలుగో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ఆట తెలిసినవాడు బంతి ఆగిన ప్రతిసారీ తర్వాతి ఎత్తు ఏమిటా అని మైదానం వైపే చూస్తుంటాడు. అతనికి లాంజ్‌తో పని లేదు. ఆట కొత్తగా చూస్తున్న అమ్మకు రెండో క్వార్టర్ (ఆటలోని నాలుగు భాగాల్లో రెండోది) నాటికి కాసేపు లోపలికి వెళ్లి కూర్చోవాలనిపిస్తుంది. ఆమె కోసమైతే క్లబ్ సీటు డబ్బు వృథా కాదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వస్తుంటే ఇంకో దారి కూడా ఉంది. మెట్లు ఎక్కలేని వాళ్ల కోసం ప్రతి స్టేడియంలోనూ చట్టప్రకారం కేటాయించిన సీట్లు ఉంటాయి. అలాంటి సీటు ఒకటి కొంటే దాని పక్కన, ఖాళీ ఉన్నంత వరకు, మరో మూడు సీట్లు తోడు వచ్చేవాళ్లకు కొనుక్కోవచ్చు. మామూలు ధరల శ్రేణుల్లోనూ ఇవి దొరుకుతాయి. మెట్ల భయం ఒక్కటే కారణమైతే క్లబ్ కన్నా ముందు వీటినే చూడండి.

3. మ్యాచ్‌ను ఎంచుకోవడం

ఒక్కో జట్టు సీజన్‌లో 17 మ్యాచ్‌లు ఆడుతుంది, వాటిలో దాదాపు సగం సొంత మైదానంలో ఉంటాయి. షెడ్యూలు మే నెలలో వస్తుంది. రెగ్యులర్ సీజన్ సెప్టెంబరులో మొదలై జనవరి మొదటి పది రోజుల్లో ముగుస్తుంది. ఆగస్టులో ప్రీసీజన్ మ్యాచ్‌లు, అంటే లెక్కలోకి రాని సన్నాహక మ్యాచ్‌లు జరుగుతాయి.

క్లబ్ సీటు ఎలా ఉంటుందో ఒకసారి చూడాలని మాత్రమే ఉంటే ప్రీసీజన్ మంచి అవకాశం. పేరున్న ఆటగాళ్లు కాసేపే ఆడతారు, ఒక్కోసారి అసలు ఆడరు. కానీ అదే సీటు, అదే లాంజ్ చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. పిల్లలకు మొదటి మ్యాచ్‌గా ఇదే చూపించమని నేను గట్టిగా చెబుతాను.

పాత ప్రత్యర్థులతో జరిగే మ్యాచ్‌లకు, రాత్రి మ్యాచ్‌లకు, థ్యాంక్స్‌గివింగ్‌కు ధరలు పెరుగుతాయి. డాలస్, డెట్రాయిట్ జట్లు ఏటా థ్యాంక్స్‌గివింగ్ గురువారం సొంత మైదానంలో ఆడతాయి. ఆ రోజు కౌబాయ్స్ మ్యాచ్‌కు వెళ్లాలనుకుంటే క్లబ్ ధరలు చూసి దిగులుపడకండి. మరో వారానికి మార్చుకుంటే ఆ డబ్బులో మంచి సీట్లే వస్తాయి.

వేరే రాష్ట్రం నుంచి విమానంలో వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక. సీజన్ కొన్ని వారాలు సాగాక టీవీ కోసం మ్యాచ్ సమయాన్ని, ఒక్కోసారి రోజునే మారుస్తారు. ఆదివారం మధ్యాహ్నం అనుకున్నది రాత్రికి వెళ్లిపోవచ్చు. మార్చుకునే వీలున్న విమాన టికెట్ తీసుకోండి, సోమవారం ఉదయం ఆఫీసు ఉంటే మరీను.

4. ఎండ, నీడ, చలి: సీటు ఏ వైపు ఉందో చూడండి

నా దృష్టిలో సీటు ఎంపికలో అన్నిటికన్నా విలువైన అడుగు ఇదే. ధర చూసే ముందు దిక్కు చూడాలి.

పైకప్పు లేని స్టేడియంలో మధ్యాహ్నం మ్యాచ్ జరుగుతుంటే సూర్యుడు పడమటి వైపు దిగుతుంటాడు. పడమటి స్టాండులో కూర్చున్న వాళ్ల వీపు వైపు ఎండ ఉంటుంది, ఆట సాగేకొద్దీ నీడ వస్తుంది. తూర్పు స్టాండులో కూర్చున్న వాళ్ల ముఖం మీద చివరి వరకు ఎండ పడుతుంది. ఉత్తర దిక్కు స్టాండు కూడా దక్షిణానికి ఎదురుగా ఉంటుంది కాబట్టి అక్కడా ఎండ తప్పదు.

శాంటా క్లారాలోని లెవైస్ స్టేడియం దీనికి మంచి ఉదాహరణ. 2014లో తెరిచిన దగ్గర్నుంచి తూర్పు వైపు సీట్ల ఎండ గురించి ప్రేక్షకులు మొత్తుకుంటూనే ఉన్నారు. పడమటి వైపు ఎత్తైన సూట్ల భవనం ఉంది, దాని నీడ ఆ వైపు వాళ్లకు దక్కుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత మొదలయ్యే మ్యాచ్‌కు తూర్పున మధ్య గీత దగ్గరి సీటు కన్నా పడమటన మూలగా ఉన్న సీటే మేలు. క్లబ్ సీటు కూడా తూర్పు వైపు ఉంటే ఎండ తప్పదు. మెత్తటి సీటు ఖాళీగా వదిలి లాంజ్‌లో టీవీ చూడాల్సి వస్తుంది.

పైకప్పు ఉన్న చోట ఈ లెక్క మారుతుంది. డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, ఫీనిక్స్, ఇండియానాపొలిస్ స్టేడియాలకు తెరిచి మూసే కప్పు ఉంది. మినియాపొలిస్, డెట్రాయిట్, లాస్ వేగాస్, న్యూ ఓర్లీన్స్‌లలో పూర్తిగా కప్పే ఉంటుంది. ఈ ఊళ్లలో వాతావరణానికి భయపడి క్లబ్ కొనాల్సిన అవసరం లేదు. క్లబ్ కొనడానికి ఉన్న కారణాల్లో బలమైనది అక్కడికక్కడే తగ్గిపోయింది.

డాలస్‌లో ఒక మెలిక ఉంది. ఏటీ అండ్ టీ స్టేడియం రెండు చివరలా పెద్ద గాజు తలుపులున్నాయి. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో మొదలయ్యే మ్యాచ్‌లలో పడమటి గాజు నుంచి ఎండ నేరుగా లోపలికి వస్తుంది. 2024 నవంబరులో ఫిలడెల్ఫియా జట్టు ఈగిల్స్‌తో మ్యాచ్‌లో కౌబాయ్స్ రిసీవర్ (విసిరిన బంతిని అందుకునే ఆటగాడు) సీడీ ల్యామ్ కళ్లలో ఎండ పడి తనవైపు వచ్చిన బంతినే చూడలేకపోయాడు. తెరలు వేయడానికి యజమాని జెర్రీ జోన్స్ ఒప్పుకోలేదు. కాబట్టి అక్కడ ఆలస్యపు మధ్యాహ్నం మ్యాచ్‌కు తూర్పు చివర ఎండ్ జోన్ (మైదానం కొసన పాయింట్లు సాధించే చోటు) వెనుక సీట్లు కొనేవాళ్లు చల్లద్దాలు మరిచిపోవద్దు. పన్నెండింటికి మొదలయ్యే మ్యాచ్‌కూ రాత్రి మ్యాచ్‌కూ ఈ బాధ ఉండదు.

సియాటిల్‌లోని లూమెన్ ఫీల్డ్‌లో దాదాపు 70 శాతం సీట్లకు కప్పు నీడ వస్తుంది, కింది అంతస్తు ముందు వరుసలకు మాత్రం రాదు. వాన ఊరు కాబట్టి అక్కడ మైదానానికి దగ్గరగా కూర్చోవడం కన్నా వెనక్కి జరగడం తెలివైన పని.

ఇక చలి. న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియానికి కప్పు లేదు. గ్రీన్ బే, బఫలో సంగతి చెప్పనే అక్కర్లేదు. నవంబరు మధ్య నుంచి ఈ ఊళ్లలో పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్తుంటే క్లబ్‌కు డబ్బు పెట్టండి, సంకోచించకండి. ప్రతి క్వార్టర్‌కూ పది నిమిషాలు వెచ్చటి గదిలోకి వెళ్లి రావడం అక్కడ విలాసం కాదు, అవసరం. గ్రీన్ బేలోని లాంబో ఫీల్డ్‌లో మామూలు సీట్లలో ఎక్కువ భాగం వీపు ఆనించే వీలు లేని అల్యూమినియం బల్లలు. చల్లటి లోహం మీద మూడు గంటలు కూర్చోవాలి, కింద పరుచుకోవడానికి ఏదైనా ఉండాల్సిందే.

5. వరుస ఎత్తు: ముందు వరుస మంచిదన్నది భ్రమ

క్రికెట్‌కు అలవాటైన మనవాళ్లు మైదానానికి ఎంత దగ్గరైతే అంత గొప్ప అనుకుంటారు. ఇక్కడ సైడ్‌లైన్ పక్కన మొదటి వరుసల్లో కూర్చుంటే ముందు కనిపించేది ఆటగాళ్ల వీపులు. జట్టులో ఆడనివాళ్లు, కోచ్‌లు, కెమెరాలవాళ్లు అందరూ గీత పొడవునా నిలబడి ఉంటారు. బంతి అవతలి వైపు ఉన్నప్పుడు ఏం జరిగిందో పెద్ద తెర మీదే తెలుసుకోవాలి.

కింది అంతస్తులో సుమారు పదిహేనో వరుస నుంచి పాతికో వరుస దాకా చూపు బాగుంటుంది. స్టేడియాన్ని బట్టి కొద్దిగా మారుతుంది. తలల మీదుగా మైదానమంతా కనిపిస్తుంది, ఆటగాళ్ల చొక్కా అంకెలూ చదవగలరు.

కింది అంతస్తు చివరి నాలుగైదు వరుసలతో ఒక చిక్కు ఉంది. పై అంతస్తు చూరులా ముందుకు వచ్చి ఉంటుంది. పైకి తన్నిన బంతి ఆ చూరు వెనుక మాయమవుతుంది, పెద్ద తెర కూడా సగమే కనిపిస్తుంది. వానకు, ఎండకు మాత్రం ఈ వరుసలు భలే ఆసరా. ఏది ముఖ్యమో మీరే తేల్చుకోండి.

పై అంతస్తు మొదటి వరుసలను చిన్నచూపు చూడకండి. ఆట అర్థం చేసుకోవాలనుకునే వాళ్లకు అక్కడి నుంచి 22 మంది ఎవరెటు కదులుతున్నారో స్పష్టంగా కనిపిస్తుంది. నా లెక్కలో పెట్టిన డబ్బుకు అత్యంత విలువ ఇచ్చే సీట్లు ఇవే: పై అంతస్తు, రెండు ముప్ఫై యార్డుల గీతల మధ్య (అంటే మైదానం నడిమి భాగానికి ఎదురుగా), మొదటి ఎనిమిది వరుసలు. ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లకు మాత్రం వద్దు.

క్లబ్ సీట్లలో కూడా వరుస చూడాలి. అంతస్తు మొదటి వరుసలో ముందు కడ్డీ లేదా గాజు పలక ఉంటుంది. పొట్టివాళ్లకు, పిల్లలకు అది సరిగ్గా కంటికి అడ్డం వస్తుంది. నాలుగో వరుస నుంచి ఎంచుకోండి.

నిలబడే అలవాటు సంగతి కూడా చెప్పాలి. ప్రత్యర్థి జట్టు కీలకమైన మూడో డౌన్ (పది యార్డులు ముందుకు వెళ్లడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఆడుతుంటే కింది అంతస్తులో అందరూ లేచి అరుస్తారు. ముందువాళ్లు లేస్తే మీరూ లేవాలి. క్లబ్ సెక్షన్లలో జనం ఎక్కువసేపు కూర్చునే చూస్తారు. మోకాళ్ల నొప్పులున్న నాన్నకు మెత్తటి సీటు కన్నా ఈ ఒక్క సౌకర్యమే పెద్దది.

6. అసలు ఖర్చు లెక్క వేయండి

టికెట్ ధరలనే పోల్చి చూస్తే లెక్క తప్పుతుంది. ఇంటి గుమ్మం దాటి తిరిగి వచ్చేవరకు అయ్యే మొత్తాన్ని పోల్చాలి. కింది అంకెలు లెక్క చూపించడానికి నేను అనుకున్నవే. మీ మ్యాచ్ అంకెలు పెట్టి ఇలాగే చేయండి.

నలుగురి కుటుంబం అనుకుందాం.

- మామూలు సీట్లు: టికెట్లు 4 × 150 = 600 డాలర్లు, పార్కింగ్ 60, తిండి 120. మొత్తం 780.
- క్లబ్, భోజనం లేకుండా: టికెట్లు 4 × 300 = 1,200, పార్కింగ్ 60, తిండి 140. మొత్తం 1,400.
- క్లబ్, భోజనంతో: టికెట్లు 4 × 380 = 1,520, పార్కింగ్ 60. మొత్తం 1,580.

మొదటిదానికీ రెండోదానికీ తేడా 620 డాలర్లు. స్టేడియంలో నాలుగు గంటలు ఉంటారనుకుంటే నలుగురికీ కలిపి పదహారు గంటలు. అంటే సౌకర్యానికి మనిషికి గంటకు 39 డాలర్ల దాకా ఇస్తున్నారు. ఈ అంకెను ఎదురుగా పెట్టుకుని ఆలోచించండి. డిసెంబరులో మెట్‌లైఫ్‌లో అమ్మానాన్నల కోసమైతే నేను ఇస్తాను. అట్లాంటాలో స్నేహితులతో అయితే ఇవ్వను.

అట్లాంటా పేరు ఎత్తడానికి కారణం ఉంది. అక్కడి మెర్సిడెస్-బెంజ్ స్టేడియం 2017లో తెరిచినప్పటి నుంచి మామూలు దుకాణాల్లోనే తిండి చవకగా అమ్మడానికి పేరు పొందింది. కప్పు ఉంది, మార్టా రైలు దగ్గర్లోనే ఆగుతుంది. ఎండ, తిండి ఖర్చు, పార్కింగ్ అనే మూడు బాధలూ తగ్గిన చోట క్లబ్ సీటుకు మిగిలే ఆకర్షణ తక్కువే.

రెండోదానికీ మూడోదానికీ తేడా 180 డాలర్లు. లాంజ్ ఆట మొదలవడానికి రెండు గంటల ముందే తెరిస్తే, మీరు అప్పుడే చేరుకుని ఒక పూట భోజనం అక్కడే చేస్తే ఆ డబ్బు తిరిగి వచ్చినట్టే. బయటే తినేసి ఆట మొదలయ్యే వేళకు చేరేవాళ్లకు అది దండగ. శాకాహారులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వడ్డించేవి ఎక్కువగా మాంసం వంటకాలే అయితే మీ వాటా పక్కవాళ్లే తిన్నట్టు. మెనూ ముందే అడిగి తెలుసుకోండి.

7. క్లబ్ టికెట్‌లో ఏముందో పట్టిపట్టి చదవండి

కొనే ముందు జట్టు వెబ్‌సైట్‌లో ఆ క్లబ్ పేరు వెతికి వీటన్నిటికీ జవాబు రాబట్టండి. దొరకకపోతే టికెట్ల విభాగానికి ఫోను చేయండి.

- ఈ సెక్షన్‌కు ఏ లాంజ్‌లోకి ప్రవేశం ఉంది? (ఒకే స్టేడియంలో నాలుగైదు లాంజ్‌లు ఉండి, ఒక్కో టికెట్‌కు ఒక్కటే తెరుచుకోవచ్చు.)
- భోజనం కలిసి ఉందా? ఉంటే ఎప్పటి నుంచి ఎప్పటి వరకు?
- పానీయాల్లో ఏవి కలిసి ఉన్నాయి, ఏవి విడిగా కొనాలి?
- శాకాహారం ఏముంది?
- విడి ప్రవేశద్వారం, లిఫ్టు ఉన్నాయా?
- పార్కింగ్ వస్తుందా? అసలు టికెట్‌దారుకు వచ్చిన పార్కింగ్ పాస్‌ను తిరిగి అమ్మేవాడు మీకు ఇస్తున్నాడా?
- లాంజ్ నుంచి మైదానం కనిపిస్తుందా, లేక టీవీలేనా?
- చంటిబిడ్డకు టికెట్ కావాలా? ఇది జట్టుజట్టుకూ మారుతుంది.
- ఆట అయిపోయాక లాంజ్ ఎంతసేపు తెరిచి ఉంటుంది?

ఏటీ అండ్ టీ స్టేడియంలో క్లబ్ సెక్షన్ల అంకె ముందు సీ అక్షరం ఉంటుంది. ఆ అక్షరం లేకుండా ‘క్లబ్ దగ్గర’ అని ఎవరైనా అమ్మితే అది క్లబ్ సీటు కాదు. అక్కడే మైదానం స్థాయిలో ఉన్న ఒక క్లబ్ గుండా కౌబాయ్స్ ఆటగాళ్లు మైదానంలోకి నడిచి వెళ్తారు. ఆటగాళ్లను చేతికందే దూరంలో చూడాలని ఉబలాటపడే పిల్లలుంటే ఏ సీటుకు దానిలోకి ప్రవేశం ఉందో అడగండి. అన్ని క్లబ్ టికెట్లకూ ఉండదు.

8. ఎక్కడ, ఎప్పుడు కొనాలి

జట్టు అధికారిక వెబ్‌సైట్ నుంచి మొదలుపెట్టండి. అది ఏ టికెట్ సంస్థకు తీసుకెళ్తుందో అదే నమ్మకమైన దారి. రీసేల్‌లో కొన్నా ఆ సంస్థ యాప్‌లోకే టికెట్ బదిలీ కావాలి. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపే టికెట్‌ను, తెలిసినవాళ్ల తెలిసినవాళ్లు పంపినా సరే, తీసుకోకండి. గేటు దగ్గర చెల్లకపోవచ్చు.

2025 మే నుంచి అమెరికాలో టికెట్ అమ్మేవాళ్లు ఫీజులన్నీ కలిపిన ధరనే మొదట చూపించాలన్న నిబంధన వచ్చింది. అయినా చెల్లించే పేజీ దాకా వెళ్లి మొత్తాన్ని చూసి, అప్పుడే రెండు యాప్‌లను పోల్చండి.

సమయం విషయంలో నా సలహా ఇది. నలుగురు పక్కపక్కన కూర్చోవాలంటే, ఆ తేదీకే వెళ్లి తీరాలంటే ముందే కొనేయండి. ఇద్దరే అయితే, ఏ వారమైనా ఫరవాలేదనుకుంటే ఆగండి. క్లబ్ సీట్లలో చాలావాటిని కంపెనీలు సీజన్ మొత్తానికి తీసుకుంటాయి. రాలేమని తెలిశాక చివరి రెండు మూడు రోజుల్లో అమ్మకానికి పెడతాయి. జట్టు వరుసగా ఓడుతుంటే, చలి ముదిరితే ధర ఇంకా దిగుతుంది.

ఏటా వెళ్లాలనుకునే వాళ్లకు సీజన్ టికెట్ ఆలోచన వస్తుంది. చాలా చోట్ల ముందు సీటు హక్కు కోసం ఒకసారి పెద్ద మొత్తం కట్టాలి, దాన్ని పీఎస్‌ఎల్ అంటారు. అది టికెట్ ధర కాదు, టికెట్ కొనే హక్కు ధర మాత్రమే. క్లబ్ సీట్లకు కొన్ని చోట్ల అనేక ఏళ్ల ఒప్పందం కూడా ఉంటుంది. వీసా, ఉద్యోగం, ఊరు ఇంకా స్థిరపడని వాళ్లు దీనిలోకి దిగవద్దు.

9. మ్యాచ్ రోజు

సంచి దగ్గర మొదలుపెడదాం, గేటు దగ్గర ఎక్కువమంది ఇబ్బందిపడేది అక్కడే. ఎన్‌ఎఫ్‌ఎల్ స్టేడియాల్లోకి పారదర్శకమైన సంచి మాత్రమే అనుమతిస్తారు. దాని కొలత 12 × 6 × 12 అంగుళాలు మించకూడదు. ఒక గ్యాలన్ జిప్ కవరు కూడా సరిపోతుంది. చేతి పర్సు అయితే 4.5 × 6.5 అంగుళాల లోపు. డైపర్ బ్యాగుకూ మినహాయింపు లేదు, అందులోనివి పారదర్శక సంచిలోకి మార్చాలి. క్లబ్ టికెట్ ఉన్నా నియమం ఇదే.

బయలుదేరే ముందు:

- టికెట్లు ఫోను వాలెట్‌లోకి దించారా? స్టేడియం దగ్గర నెట్‌వర్క్ మొరాయిస్తుంది.
- నలుగురి టికెట్లూ ఒకే ఫోనులో ఉంటే క్లబ్ గుమ్మం దగ్గర ఆ ఫోను ఉన్నవాళ్లు లేకుండా మిగతావాళ్లు లోపలికి వెళ్లలేరు. ఎవరి టికెట్ వారికి పంపారా?
- పార్కింగ్ ముందే కొన్నారా? ఆర్లింగ్టన్ స్టేడియం దగ్గర రైలు స్టేషను లేదు. మెట్‌లైఫ్‌కు సికాకస్ జంక్షన్ మీదుగా రైలుంది. లెవైస్ పక్కనే వీటీఏ లైట్ రైలు ఆగుతుంది.
- చంటిపిల్లలకు చెవులు మూసే హెడ్‌ఫోన్లు? 2014లో కేన్సస్ సిటీ స్టేడియంలో ప్రేక్షకుల హోరు 142.2 డెసిబెల్స్‌గా రికార్డయింది. ప్రతి మ్యాచ్ అంత కాకపోయినా పసి చెవులకు ఎక్కువే.
- పెద్దవాళ్ల మందులు విడిగా, చూపించడానికి వీలుగా పెట్టారా?

క్లబ్ టికెట్ కొన్నవాళ్లు గంటన్నర ముందే చేరుకోండి. మీరు డబ్బు పెట్టింది లాంజ్‌కే కాబట్టి ఆ సమయాన్ని వదులుకోవద్దు. హాఫ్‌టైమ్ పన్నెండు, పదమూడు నిమిషాలే. అప్పుడు లేస్తే క్లబ్‌లో కూడా వరుస ఉంటుంది. రెండో క్వార్టర్‌లో రెండు నిమిషాల హెచ్చరిక (హాఫ్‌టైమ్‌కు రెండు నిమిషాలు మిగిలాయని ఆట ఆపడం) వచ్చే ముందే లేచి తిరిగి రండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

పొరపాటు: క్లబ్ కొని ఆట మొత్తం సీట్లోనే కూర్చోవడం.
దిద్దుబాటు: మీ స్వభావం అదే అయితే ఈసారి అదే ఎత్తులో మూలవైపు మామూలు సీటు కొనండి. చూపు దాదాపు అదే, ధర చాలా తక్కువ.

పొరపాటు: క్లబ్ కొని ఆట మొత్తం లాంజ్‌లో గడపడం.
దిద్దుబాటు: అతిథులతో మాటలే ముఖ్యమైతే లాంజ్ నుంచి మైదానం కనిపించే క్లబ్ చూసుకోండి.

పొరపాటు: ఇద్దరికి క్లబ్, ఇద్దరికి మామూలు సీట్లు కొని, లాంజ్‌లో కలుద్దామనుకోవడం.
దిద్దుబాటు: మామూలు టికెట్‌తో లాంజ్‌లోకి పంపరు. అందరికీ ఒకే రకం కొనండి.

పొరపాటు: ఎండ వైపు సీటని అక్కడికి వెళ్లాక తెలియడం.
దిద్దుబాటు: కింది అంతస్తు వెనుక నడవలోకి వెళ్లి రెండు క్వార్టర్లు గడపండి, ఆలోగా నీడ కొంత జరుగుతుంది. పిల్లలు ఎండ తట్టుకోలేకపోతే అతిథి సేవల కౌంటర్‌లో అడగండి. ఖాళీలుంటే ఒక్కోసారి సీటు మారుస్తారు. కొన్ని జట్ల యాప్‌లలో కొంత డబ్బు కట్టి అదే రోజు మెరుగైన సీటుకు మారే వీలుంది.

పొరపాటు: మధ్యలో బయటకు వెళ్లి కారులో నుంచి ఏదైనా తెచ్చుకుందామనుకోవడం.
దిద్దుబాటు: చాలా స్టేడియాల్లో ఒకసారి బయటకు వెళ్తే మళ్లీ రానివ్వరు. స్వెట్టర్లు మొదటే తీసుకురండి.

పొరపాటు: ఆట అయిపోగానే అందరితో పాటు కారు దగ్గరకు పరుగెత్తడం.
దిద్దుబాటు: క్లబ్ టికెట్ ఉంటే లాంజ్ మూసే వరకు కూర్చోండి. మామూలు టికెట్ అయితే సీట్లోనే ఇరవై నిమిషాలు ఆగండి, లేదా కారు దగ్గర మడత కుర్చీలు వేసుకుని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిని, పార్కింగ్ సగం ఖాళీ అయ్యాక బయలుదేరండి. మెట్‌లైఫ్ నుంచి రైల్లో వెళ్లేవాళ్లు కూడా మొదటి రద్దీ తగ్గాకే ప్లాట్‌ఫారం వైపు నడవండి.